ముట్టకుండానే పగిలిన పూసలు

జీలకర్ర బెల్లం పెట్టడం అయింది. మంగళసూత్రం కట్టడానికి ముందు వీడియో తీసే అతను లైటును కాస్త దగ్గరికి జరిపాడు. అప్పుడే పెళ్లికూతురు మెడలో 'పట్'మని చప్పుడైంది.

చిన్న చప్పుడే. సన్నాయి మోతలో ఎవరికీ వినిపించలేదు. మూడో వరుసలో కూర్చున్న పద్మలతకు మాత్రం వినిపించింది. ఎవరో గాజు గ్లాసు జారవిడిచారనుకుని కిందికి చూసింది. మళ్లీ 'పట్'మంది. తలెత్తి చూసేసరికి పెళ్లికూతురు శ్రీలత మెడ మీద సన్నటి ఎర్ర గీత కనిపించింది. ఆమె కట్టుకున్న తెల్లటి పెళ్లి చీర మీద నెత్తురు చుక్క పడింది.

శ్రీలత మెడలో బంగారు హారం కింద వేసుకున్న గాజు పూసల దండ పద్మలత చేసిందే. లోపల బోలుగా, పైన నీటి బుడగంత పలుచగా ఊదిన పూసలు. ఒక్కో పూస చుట్టూ వెంట్రుకంత నీలి గీతలు. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. వాటికి ఏదీ తగల్లేదు. అయినా ఒకదాని వెంట ఒకటి పగులుతున్నాయి.

పద్మలత లేచింది. మరుక్షణం కుర్చీలు తోసుకుంటూ పరుగెత్తింది.

"ముట్టకు బిడ్డా! ఎవ్వలు ముట్టకుండ్రి!" అని అరుస్తూ వేదిక ఎక్కింది. తన కొంగును శ్రీలత మెడ కింద పరిచి పట్టి, వెనక కొక్కెం విప్పింది. దండ కొంగులో పడింది. మూట కట్టబోతుంటే ఆమె అరచేతిలోనే ఇంకో పూస చిట్లి, ముక్క దిగబడింది. 

మేళం ఆగిపోయింది. హాలులో పసిపిల్లల ఏడుపు తప్ప వేరే చప్పుడు లేదు. పెళ్లికొడుకు నాయనమ్మ కుర్చీలోంచి లేచి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"తాళి గట్టక ముందే పిల్ల మెడల నెత్తురేందిరా? ఆపుండ్రి! జర ఆగుండ్రి!"

పంతులు మంత్రం మధ్యలో ఆగి పెళ్లికూతురు తండ్రి కిషన్ రావు వైపు చూశాడు. హనుమకొండలో పేరున్న బట్టల వ్యాపారి ఆయన. ఆయన కదల్లేదు. పెళ్లికొడుకే ముందు కదిలాడు. భుజం మీది కండువా తీసి శ్రీలత మెడకు అద్దాడు. 

"గీసుకపోయింది, గంతే," అంది ఆమె. "కానియ్యుండ్రి పంతులుగారూ."

తాళి కట్టారు. తలంబ్రాలు పోసుకున్నారు. కానీ హాలులో ఎవరూ వాటి వైపు చూడలేదు. అందరూ వేదిక పక్కన కొంగు మూట పట్టుకుని నిలబడ్డ పద్మలత వైపే చూశారు.

గేటు దగ్గర కిషన్ రావు ఆమెను ఆపాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని తర్వాత ఆమె అనుకుంది.

"మన ఊళ్లె చేసిందని అందరికి చెప్పుకున్న," అన్నాడాయన. "అందరి ముందట నా బిడ్డ మెడల నెత్తురు సూపిచ్చినవు. ఎట్లయింది ఇది? చెప్పు."

ఎట్లయిందో ఆమెకు తెలియదు. కొంగు మూటను గట్టిగా పట్టుకుని గేటు దాటింది.

పద్మలతది రఘునాథపల్లి దగ్గర పత్తి చేల ఊరు. ఆటో నడిపే చంద్రమౌళిని పెళ్లి చేసుకుని హనుమకొండకు వచ్చింది. పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక చౌరస్తా వెనక సందులో ఉన్న రామలింగం కార్ఖానాలో పనికి కుదిరింది. కార్ఖానా అంటే రెండు గదులు. అక్కడ కాలేజీల ప్రయోగశాలలకు గాజు గొట్టాలు, బుడ్లు, వంకర తిరిగిన నాళాలు చేసేవారు. రామలింగం మంట ముందు కూర్చుని గాజు గొట్టాన్ని వేళ్లతో తిప్పుతూ, ఎర్రగా కాగి మెత్తబడ్డాక ఒక చివర నోట పెట్టుకుని ఊదేవాడు. ఆయన ఊపిరి ఎంత పోతే గాజు అంత ఉబ్బేది. పద్మలత పని వాటిని కడిగి, గడ్డిలో పేర్చి, అట్టపెట్టెల్లో సర్దడం.

ప్లాస్టిక్ సామాను, మిషన్ సామాను వచ్చి ఆర్డర్లు తగ్గిపోయిన రోజుల్లో ఒక మధ్యాహ్నం రామలింగం భోజనానికి వెళ్లాడు. పద్మలత పారేసిన గొట్టం ముక్క ఒకటి తీసుకుని, ఆయన చేసినట్టే తిప్పి, కాల్చి, ఊదింది. చింతగింజంత బుడగ వచ్చింది. దానికి కొక్కెం అతికి చెవికి పెట్టుకుని అద్దంలో చూసుకుంటుండగా రామలింగం వచ్చాడు. తిడతాడనుకుంది. ఆమె కమ్మ తీసి ఇస్తే ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, పెదవికి ఆనించి, అటూ ఇటూ తిప్పాడు.

"ఎవ్వలు నేర్పిన్రు బిడ్డా?"

"ఎవ్వలు నేర్పలే కాకా. చూసి చేసిన."

"గోడ అంతట ఒక్క తీరుగున్నది. ఇంకోటి చెయ్యి."

అలా మొదలైంది. మొదట కమ్మలు, తర్వాత జుంకాలు, ఆ తర్వాత పూసల దండలు. కాలేజీ అమ్మాయిలు వచ్చి కొనుక్కునేవారు. కొన్నాళ్లకు కార్ఖానాలో ప్రయోగశాల సామాను కంటే నగలే ఎక్కువయ్యాయి. పద్మలత మంట ముందు కూర్చుంది. రామలింగం గాజు తెప్పించడం, అది మంచిదో కాదో తేల్చడం, చేసిన పూసలను చిన్న కొలిమిలో పెట్టి నెమ్మదిగా చల్లార్చడం చూసుకునేవాడు. ప్రతి పూసనూ పెదవికి ఆనించి, "మంచిగున్నది," అనేవాడు. పెదవితోనే గాజు మంచీ చెడ్డా చెప్పగలడని సందులో అందరూ గొప్పగా చెప్పుకునేవారు. పద్మలత కూడా చెప్పేది. తన పనిలో ఆయన తప్పు పట్టక మూడేళ్లయిందని భర్తతో మురిసిపోతూ అనేది.

పెళ్లి మరునాడు ఆమె తెల్లవారగానే కార్ఖానాకు వచ్చింది. అరచేతికి కట్టు ఉంది. శ్రీలత దండకు చేసి మిగిలిన పూసలు రేకు డబ్బాలో దూది మీద ఉంటాయి. చూద్దామని మూత తీసింది.

తీసిన చెయ్యి అలాగే ఆగిపోయింది. దూది మీద సగం పూసలు ముక్కలై ఉన్నాయి. డబ్బాను ఎవరూ కదిలించలేదు. ఆమె చూస్తుండగానే మూలన ఉన్న పూసకు నీలి గీత వెంబడే సన్నటి చీలిక పాకి, అది రెండుగా విడిపోయింది.

"కాకా!" అని కేకేసింది. "జల్ది రా!"

రామలింగం లోపలి గదిలోంచి గోడ పట్టుకుని వచ్చాడు. పద్మలత సంగతి చెప్పింది.

"గాజు గదా బిడ్డా. ఏడనో దెబ్బ తాకి ఉంటది," అన్నాడు.

"దెబ్బ కాదు. గీతల కాడనే పలుగుతానయి. ఈ గీతలు వేసే నీలం గాజు కడ్డీల కట్ట కొత్తగొచ్చింది గదా, తీగ పరీక్ష చేసినవా?"

"చెయ్యకుంట ఎట్ల ఇస్త? చేసిన. సాపుగ నిలబడ్డది."

తీగ పరీక్ష కష్టమైందేమీ కాదు. వేడి చేస్తే ఏ గాజైనా సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. కానీ అన్ని గాజులూ ఒకే తీరుగా ముడుచుకోవు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ముడుచుకునే రెండు గాజులను కలిపి అతికితే, చల్లారాక అవి ఒకదాన్నొకటి గుంజుకుంటూనే ఉంటాయి. పైకి ఏమీ తెలియదు. గంటకో, వారానికో, కాస్త వేడి తగిలినప్పుడో పగిలిపోతాయి. అందుకే కొత్త రంగు కడ్డీ వచ్చినప్పుడు దాన్నీ, తెల్ల గాజునూ పక్కపక్కన కలిపి కాల్చి, తీగలాగా సన్నగా లాగుతారు. చల్లారాక తీగ సాపుగా ఉంటే రెండూ కలుస్తాయి. వంగితే కలవవు.

పద్మలత మంట వెలిగించింది. నీలం కడ్డీ, తెల్ల గొట్టం కలిపి కాల్చి లాగింది. తీగ చల్లారుతూ చల్లారుతూ ఆమె కళ్ల ముందే వంగిపోయింది. కొద్దిగా కాదు, కొడవలిలాగా.

 అది చూసి సాపుగా ఉందని ఎవరంటారు? చిన్నపిల్లలు కూడా అనరు.

"కాకా, ఇదేంది?" అని తీగను ఆయన ముందు పట్టుకుంది.

రామలింగం తల వంచి చూశాడు. "సాపుగనే ఉన్నది గద."

ఆమె తీగను ఎడమకు జరిపింది. ఆయన చూపు జరగలేదు. ఇంతకుముందు తీగ ఉన్న చోటే చూస్తున్నాడు.  తీగను మెల్లగా బల్ల మీద పెట్టి, ఖాళీ చేతిని పైకెత్తింది.

"ఇప్పుడు చూడు కాకా. ఇంకోటి లాగిన. ఇదెట్లున్నది?"

"ఇది కూడ సాపుగున్నది," అన్నాడు రామలింగం.

ఆమె కుర్చీలో కూలబడింది. ఆమె మాట్లాడకపోవడంతో ఆయనకు అర్థమైంది. చేతులు చాచి బల్ల అంచు తడిమి పట్టుకున్నాడు.

"నీ చేతుల ఏం లేదు గదా?" అన్నాడు.

"ఏం లేదు కాకా."

 పద్మలత లేచి గ్యాసు కట్టేసింది.

"ఎప్పటిసంది?"

"ఎడమది పోయి శాన ఏండ్లయింది. కుడిది మబ్బుమబ్బుగ ఉండేది. ఈ మూడేండ్లల్ల అది కూడ పోయింది. వెలుగు దెలుస్తది. మనిషి అడ్డమొస్తె తెలుస్తది. గంతే."

"మరి పరీక్ష చేసిన అని ఎట్ల చెప్పినవు?"

"పూర్తిగ చల్లారక ముందే తీగను వేలితోని పామి చూసిన. ఇదివరకు కట్టలన్నిటికి గట్లనే చూసిన. అన్ని కుదిరినయి. ఇది కూడ కుదురుతదనుకున్న."

"ఒక్క మాట నాతోని అంటె నేను చూడనా? నాకు కండ్లు లేవా?" ఆమె గొంతు పెద్దదైంది. తర్వాత దానికి ఆమే ఉలిక్కిపడింది. అంతవరకు రామలింగం మీద గొంతు లేపింది లేదు.

"చెప్తె మంట కాడికి రానియ్యరు," అన్నాడాయన. "ఇంట్ల కూసోమంటరు. చిన్నప్పటిసంది ఈ మంట ముందటనే ఉన్న. ఇది లేకుంటె నేను ఎవ్వన్ని బిడ్డా?"

ఆమెకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. ఆయన ఎప్పుడూ గోడ వెంట నడవడం. టీ గ్లాసు చేతిలో పెడితే తప్ప తీసుకోకపోవడం. ఎవరొచ్చినా మాట్లాడేదాకా పలకరించకపోవడం. పూసను పెదవికి ఆనించడం. ఇన్నాళ్లు అది గొప్ప పనితనమని మొక్కింది. అది చూపు లేని మనిషి తడుముకోవడం.

ఏడుపు రావాల్సింది, రాలేదు. వేరే ఆలోచన వచ్చింది. ఆ నీలం కట్టతో చేసింది శ్రీలత దండ ఒక్కటే కాదు.

ఆ మధ్యాహ్నం నుంచి పద్మలత, చంద్రమౌళి ఆటోలో తిరగడం మొదలుపెట్టారు. ఎవరికి ఏం అమ్మిందో ఆమెకు మనుషుల ముఖాలతో సహా గుర్తుంది. మట్టెవాడలో ఒకామె జుంకాలు తెచ్చిచ్చింది. ఒక కాలేజీ అమ్మాయి నవ్వి, "ఏంగాదు ఆంటీ, మంచిగనే ఉన్నయి," అని ఇవ్వనంది. పద్మలత తన చేతికట్టు విప్పి చూపించింది. ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. వెంటనే చెవులకున్నవి తీసి ఇచ్చేసింది.

అన్నింటికంటే ఆమెను భయపెట్టింది వర్ధన్నపేటలోని టీచరమ్మ శోభారాణి కొన్న కమ్మల జత. అవి తన చిన్న కూతురి కోసమని చెప్పి కొంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ రోజు ఆటోకు వేరే కిరాయి ఉండడంతో పద్మలత ఖమ్మం బస్సెక్కి వెళ్లింది. దారంతా ఆ పాప చెవులే కళ్ల ముందు మెదిలాయి.

శోభారాణి ఇంటికి పోయేసరికి పాప వాకిట్లో తాడాట ఆడుతోంది. ఎగిరినప్పుడల్లా చెవుల కింద నీలి గాజు బుడగలు ఊగుతున్నాయి.

"ఆగు బుజ్జీ! ఎగరకు!" అంటూ పద్మలత గేటు తోసుకుని వెళ్లి పాప రెండు భుజాలూ పట్టుకుంది. పాప బెదిరిపోయి కెవ్వుమంది. శోభారాణి లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరమ్మా నువ్వు? పిల్లను ఎందుకు పట్టుకున్నవ్?"

"మేడం, నేను హనుమకొండ గాజు నగల పద్మలతను. ఈ కమ్మలు పలుగుతయి. ముందు తియ్యనియ్యుండ్రి, తర్వాత తిట్టుండ్రి."

శోభారాణి గుర్తుపట్టింది. ఇద్దరూ కలిసి పాప చెవుల నుంచి కమ్మలు తీశారు. పద్మలత వాటిని రుమాలులో చుట్టి సంచిలో వేసుకుంది. జరిగింది చెప్తుంటే శోభారాణి పాపను ఒళ్లోకి లాక్కుని, చెవుల వెనక వేళ్లతో తడుముతూనే ఉంది. పద్మలత వెళ్లేటప్పుడు ఆమె మంచి మాటా అనలేదు, చెడ్డ మాటా అనలేదు. గేటు వేసుకుంది.

తిరుగు బస్సులో, ఇంకా వరంగల్ రాకముందే, ఒళ్లో ఉన్న సంచిలో 'టిక్'మంది. పద్మలత రుమాలు విప్పి చూసింది. ఒక కమ్మ నిలువునా రెండు ముక్కలైంది. సూదిలాంటి అంచు రుమాలు బట్టలోంచి బయటికి పొడుచుకొచ్చింది. బస్సు నడుస్తూనే ఉంది. పక్క సీటామె, "ఏమైందక్కా, మొఖం గట్లయింది?" అని అడిగింది.  అప్పుడొచ్చింది ఏడుపు.

నీలి గీతల నగలన్నీ దొరికాక ఆమె కిషన్ రావు ఇంటికి వెళ్లింది. తప్పంతా తనదేనని చెప్పాలని నిర్ణయించుకుంది. ఆయన హాలులో కూర్చుని ఉన్నాడు. శ్రీలత కూడా అత్తగారింటి నుంచి వచ్చి ఉంది. మెడ మీద గీత మానుతోంది.

"గాజులు కలవలే సేటూ. నేను చూసుకోకుంట చేసిన," అని పద్మలత మొదలుపెట్టింది.

అంతలో వాకిట్లో కర్ర చప్పుడైంది. చంద్రమౌళి చెయ్యి పట్టుకుని రామలింగం మెట్లెక్కుతున్నాడు. ఆయన వస్తున్నట్టు పద్మలతకు తెలియదు.

"ఆమె అబద్ధం ఆడతాంది," అన్నాడు గుమ్మంలో నిలబడే. "చూడవలసింది నేను. నాకు కండ్లు కనబడవు. కనబడతయని ఇన్నొద్దులు అందరిని నమ్మిచ్చిన. నీ బిడ్డ మెడ కోసింది నేనే కిషన్ రావూ."

కిషన్ రావు లేచి నిలబడ్డాడు. ఆయనకు దుకాణం తెరిచిన కాలం నుంచి రామలింగం తెలుసు. పండగలకు బట్టలు కొనేటప్పుడు రంగు అడిగి మరీ తీసుకునే మనిషి. కిషన్ రావు ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"కండ్లు లేకుంట మంట ముందట కూసున్నవా?" అన్నాడు నమ్మలేనట్టు. "ఇల్లు గాలిపోతుండె. పిల్ల కన్ను పోతుండె. మెడ కాబట్టి సరిపోయింది." గుమ్మం వైపు చెయ్యి చూపాడు. "నేను దీన్ని మరువలేను రామలింగం. పోండ్రి."

వాళ్లు మెట్లు దిగుతుంటే శ్రీలత వెనకే వచ్చింది. "తాతా, డాక్టర్‌కు చూపెట్టుకున్నవా?" అని అడిగింది.

"ఏం చూపెట్టుడు బిడ్డా. పోయిన కండ్లు."

"పోయినయని ఎవరు చెప్పిన్రు?"

"ఎవ్వలు చెప్పలే," అన్నాడు రామలింగం.  తెలిసిపోతుందన్న భయంతో ఆయన ఏ దవాఖానకూ పోలేదు. ఆ మాట విని పద్మలత మెట్టు మీదే ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా చూపించుకోలేదా?

మరుసటి సోమవారం ఆమె ఆయనను కంటి దవాఖానకు తీసుకుపోయింది. ఎడమ కంటికి నీటికాసులు వచ్చి నరం ఎండిపోయింది, దానికి చేసేదేమీ లేదన్నారు. కుడి కంటికి ఉన్నది ముదిరిన శుక్లం. ఏళ్ల తరబడి మంట ముందు కూర్చున్నవాళ్లకు అది వస్తుందనీ, ఆపరేషన్ చేస్తే చూపు రావచ్చనీ డాక్టరమ్మ చెప్పింది.

"అంటె ఇది ఎప్పుడో తీసేస్తుండెనా?" అని అడిగాడు రామలింగం.

"మూడేళ్ల కిందనే తీసేవాళ్లం తాతా."

ఆయన కుర్చీ చేతులను గట్టిగా పట్టుకున్నాడు. 

ఆపరేషన్ అయి, కట్టు విప్పి, నల్లద్దాలు కూడా తీసెయ్యొచ్చని చెప్పిన తర్వాత ఆయన ఒక పొద్దున కార్ఖానాకు వచ్చాడు. గోడ పట్టుకోకుండా వచ్చాడు. పద్మలత తలుపు తీసి నిలబడింది. ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఎంట్రుకలు నెరిసినయేంది బిడ్డా?"

"నెరవయా కాకా?"

ఆయన కిటికీ దగ్గర దారానికి వేలాడుతున్న నగల వైపు నడిచాడు. ఎర్ర చుక్కల జుంకాలు, ఆకు ఆకారంలో ఊదిన కమ్మలు, బుడగలో బుడగ ఉన్న పూసలు. ఎండ వాటిలోంచి పడి గోడంతా రంగులయింది. రామలింగం కన్ను ఆర్పడం మరిచిపోయాడు.

"ఇవి ఎవ్వలు చేసిన్రు?"

"నేనే. నువ్వే గద కాకా ఒక్కోటి పట్టుకుని మంచిగున్నది అన్నవు."

"నాకేం ఎరుక?" అన్నాడాయన.  "నాకు అన్ని ఒక్క తీరుగనే ఉండె. నున్నగ, గుండ్రంగ. ఇన్ని రంగులున్నయని, లోపల ఇంకోటున్నదని నాకెట్ల తెలుస్తది? ఇన్ని చేసినవా బిడ్డా నువ్వు?"

పద్మలతకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడేళ్లుగా ఆమె దాచుకున్న మెప్పులన్నీ చూడకుండా చెప్పినవే. ఇప్పుడు మొదటిసారి చూసి అన్నాడు.

మంట దగ్గరికి ఇక పోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. రామలింగం స్టూలు దూరంగా వేసుకుని కూర్చున్నాడు.

"నువ్వు చేస్తాంటె నేను ఎప్పుడు చూడలే. చెయ్యి," అన్నాడు.

కడ్డీల పరీక్ష ఇప్పుడు ఆమే చేసుకుంటోంది. కొత్తగా తెప్పించిన ఆకుపచ్చ కడ్డీ నుంచి తీగ లాగి, వెలుతురుకు పట్టి చూసి పక్కన పెట్టింది. తర్వాత గొట్టం తీసుకుని మంటలో తిప్పడం మొదలుపెట్టింది. వెనక ఆయన చూస్తున్నాడని వీపుకు తెలుస్తోంది. గాజు ఎర్రబడి మెత్తబడింది. నోట పెట్టుకుని ఊదింది. బుడగ గుండ్రంగా ఉబ్బింది.

"తొందర పడ్తానవు," అన్నాడు రామలింగం. "ఎడమ చెయ్యి కంటె కుడి చెయ్యి ముందు తిరుగుతాంది. చూడు, ఒక పక్క పలుచబడ్డది."

ఆమె ఉలిక్కిపడి వెనక్కి చూసింది. మూడేళ్లలో ఆయన ఆమె పనిలో పట్టిన మొదటి తప్పు అది.  బుడగను వెలుతురుకు పట్టి చూసింది. నిజమే, ఒక పక్క గోడ పలుచగా ఉంది. ఎంతకాలంగా అలా చేస్తోందో ఆమెకే తెలియదు.

ఆ పూసను విరిచి పక్కన పడేసి, కొత్త గొట్టం తీసుకుంది.

"ఈసారి మెల్లగ తిప్పుత కాకా, చూడు," అంది.